అడిగితేనే ఊపిరి

నాన్న ఊపిరి ఆపడానికి బుధవారం ఉదయం పదకొండు గంటలకు ముహూర్తం పెట్టుకున్నాం. మంగళవారమైతే నా కంప్యూటర్ రిపేరు కొట్టుకి సెలవు. కానీ మంగళవారం వద్దంటే వద్దని అమ్మ మొండికేసింది. ఆగే ఊపిరికి ఏ వారమైతే ఏమిటి అన్నాను. అందుకు అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆషాఢం కాబట్టి పెళ్లిళ్లు లేవు. డోలు గుడ్డ కప్పుకుని అటకెక్కింది, కోటిలింగం బాబాయి ఖాళీగా ఉన్నాడు. ఈ పనికి మాకు కావలసింది ఆయన చేతులే.

నాన్న పేరు రామదాసు. నాదస్వరం పక్కన నిలబడి ఒత్తు ఊదేవాడు. ఒత్తు అంటే ఒకే ఒక్క స్వరం. మేళం మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా అది తెగకూడదు. బుగ్గల్లో దాచుకున్న గాలిని ఒత్తులోకి వదులుతూ, అదే సమయంలో ముక్కుతో కొత్త గాలి తీసుకోవడం ఆయన విద్య. ఊళ్లో మేళాలన్నీ శ్రుతిపెట్టెలకి మారినా మా మేళంలో నాన్నే ఉండేవాడు. పెట్టె కన్నా ఈయన తిండి ఖర్చే ఎక్కువని బాబాయి వేళాకోళం చేసేవాడు.

తొమ్మిదేళ్ల కిందట పర్చూరు దగ్గర ఒక పెళ్లి నుంచి తిరిగి వస్తుంటే మేళం వ్యాను బోల్తా పడింది. నాన్నకి మెడ విరిగింది. మెడ కింద శరీరమంతా మాట వినడం మానేసింది. గుండె కొట్టుకుంటోంది కానీ ఊపిరి ఆడించే కండరం కదలదు. నాన్న కూర్చున్న ముందు సీటు నిజానికి బాబాయిది. ఎండ పడుతోందని బాబాయి అంటే నాన్న మారాడు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

నాన్న మళ్లీ ఊపిరి తీసుకుంటున్నాడంటే డాక్టర్ వారిజ గారి వల్ల. హైదరాబాదులో ఆవిడ ప్రయోగశాలలో పదకొండు మంది ఇలాంటివాళ్లు ఉండేవాళ్లు. మెడ విరిగినా మెదడు ఊపిరి అడగడం మానదనీ, అడిగిన ప్రతిసారీ ముక్కుపుటాలు వెంట్రుకవాసి విచ్చుకుంటాయనీ ఆవిడ కనిపెట్టారు. నాన్న ముక్కుకి అటూ ఇటూ బియ్యపు గింజంత బిళ్లలు అంటించి, ఆ కదలికని ఒక కంప్యూటర్ చదివేలా చేశారు. కంప్యూటర్ నుంచి రెండు సన్నటి తీగలు నాన్న ఛాతీలోకి వెళతాయి. ముక్కు అడుగుతుంది, తీగలు ఇస్తాయి. మొదటి నెల అది ఇంగువ పోపు వాసనకి ముక్కు ఎగరేసినా ఊపిరి ఇచ్చేది. కోపానికి ఇచ్చేది, బాబాయి జోకులకి ఇచ్చేది. నెమ్మదిగా ఏది ఊపిరి కోసమో ఏది కాదో నేర్చుకుంది.

మొదట్లో దానికి గడియారం కూడా ఉండేది. ముక్కు అడగకపోతే అయిదు సెకన్లకోసారి తనంతట తానే ఊపిరి లాగించేది. నాన్న పక్క మంచం పెద్దాయన పెరుగన్నం మింగుతుండగా ఆ గడియారం ఊపిరి లాగించింది. మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. నాలుగో రోజుకి ఆయన లేడు. వారిజ గారు ఆ వారమే గడియారాన్ని ప్రోగ్రాంలోంచి పూర్తిగా పీకేశారు. అడిగితేనే ఊపిరి, అడక్కుండా ఒక్కటి కూడా ఇవ్వకూడదన్నది అప్పటి నుంచి ఆవిడ నియమం. తర్వాత ప్రయోగశాల మూతపడింది. యంత్రాలని ఎవరివి వాళ్లకి ఇచ్చి ఇళ్లకి పంపేశారు.

మాకు ఇచ్చిన కంప్యూటర్ అప్పటికే పాతది, కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీకి తగిలించాం. రెండు ప్రాసెసర్లు పట్టే బరువైన డెస్క్‌టాప్. ఒకటి ముక్కుని వింటుంది, రెండోది విన్నదాన్ని తేల్చుకుంటుంది. తొమ్మిదేళ్లుగా నేర్చుకున్నదంతా లోపల పేరుకుపోయి, ప్రతి ఊపిరికీ అదంతా వెతుక్కునేసరికి పోయిన ఏడాది నుంచి దానికి ఆయాసం రావడం మొదలైంది. ముక్కు అడగడానికీ ఊపిరి రావడానికీ మధ్య ముప్పావు సెకను పడుతోంది. వినడానికి చిన్నదే. ఊపిరి తీసుకోబోయిన ప్రతిసారీ ఎవరో ముక్కు మూసి వదిలితే ఎలా ఉంటుందో, రాత్రీ పగలూ నాన్నకి అలా ఉండేది. నిద్ర కరువైంది. మాట రెండు ముక్కలకి తెగిపోయేది. ఏ వాక్యమూ చివరిదాకా వచ్చేది కాదు.

చైత్రంలో ఒకరోజు రాగి జావ తాగిస్తుంటే నాన్న మూతి పక్కకి తిప్పేశాడు.

"ఇంక చాలు... రంజీ. ఆ తీగలు... తీసెయ్యండి."

నాకు ఒళ్లు మండింది. "తీసేసి, నీ పాడె ముందు బాబాయి చేత డోలు కొట్టించమంటావా?" అన్నాను. అన్నాక దొడ్లోకి పోయి ఏడ్చాను. మొహం కడుక్కుని వచ్చి నాన్న మంచం మీద కూర్చున్నాను.

"ప్రాసెసర్లు మార్చి చూద్దాం నాన్నా. ఇదొక్కటి చెయ్యనియ్యి. ఆ తర్వాత నీ ఇష్టం. తీసెయ్యమంటే నేనే తీసేస్తా."

నాన్న "సరే" అన్నాడు. ఆ సరే నాకు నచ్చలేదు.

కొత్త కంప్యూటర్ కొనుక్కోవచ్చు కదా అని నా కొట్టుకి వచ్చేవాళ్లు సలహా ఇచ్చేవాళ్లు. తీగలు తగిలించే కార్డు ఆ పాత బోర్డుకి తప్ప దేనికీ పట్టదు. ఆసుపత్రికి తీసుకెళితే బతికిస్తారు, కానీ గొంతుకి మళ్లీ కన్నం పెట్టి గొట్టం దించుతారు. మొదటిసారి ఆ గొట్టంతో ఉన్న నాలుగు నెలలూ నాన్న మొహం గోడ వైపు తిప్పుకునే ఉన్నాడు. అందుకే ఆ బోర్డు మీద పట్టే ప్రాసెసర్లలో అన్నిటికన్నా వేగమైనవి ఒకే రకానివి రెండు, పాత సర్వర్లు విడగొట్టి అమ్మే ఒకాయన దగ్గర తెప్పించాను. కొత్తవాటిని గుర్తుపట్టేలా బోర్డు లోపలి ప్రోగ్రాంని ముందు వారమే మార్చి పెట్టాను. అది నాన్న ఊపిరి ఆగకుండా చెయ్యగలిగిన పని. మిగతాది కరెంటు తీస్తే తప్ప కాదు.

ఒక చిక్కు ఉంది. పాత ప్రాసెసర్లకి పైన లోహపు మూత లేదు, కొత్తవాటికి ఉంది. రెండు మిల్లీమీటర్ల ఎత్తు తేడా. వేడి లాగే హీట్ సింక్‌ని వాటి మీద పెట్టి మునుపటిలాగే బిగిస్తే, కింద సాకెట్‌లోని వెంట్రుకల్లాంటి పిన్నులు వంగిపోతాయి. వదులుగా వదిలేస్తే పిన్నులు అంటుకోక, ప్రాసెసర్ ఉన్నట్టే బోర్డుకి తెలియదు. ఒక చచ్చిన బోర్డు తెచ్చుకుని కొట్లో ఇరవై సార్లు సాధన చేశాను. ఒక్కో స్క్రూకి అయిదు చుట్లు, పైన ఒక పావు. మొత్తం పని ఇరవై రెండు నిమిషాలు.

వారిజ గారు ఇప్పుడు విశాఖలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. డెబ్బై దాటాయి. సంగతి చెప్పగానే తిట్టారు.

"నువ్వు డాక్టరువి కాదు. నేనూ ఇప్పుడు డాక్టర్ని కానట్టే. ఇద్దరం కలిసి ఒక మనిషిని చంపుదామంటావా?" అని ఫోన్ పెట్టేశారు. మర్నాడు ఆవిడే చేసి, "ఎన్ని నిమిషాలు పడుతుంది?" అని అడిగారు.

ఆవిడ చెప్పినట్టే ముఖానికి పెట్టే మాస్కూ, చేత్తో నొక్కే రబ్బరు గాలిసంచీ తెచ్చాం. అమ్మ రెండు చేతులతో మాస్కు అదిమిపెట్టాలి. బాబాయి సంచి నొక్కాలి. నిమిషానికి పన్నెండు సార్లు, ఎక్కువా వద్దు తక్కువా వద్దు అని వారిజ గారు ఫోన్లో మూడుసార్లు చెప్పారు. మూడోసారికి బాబాయికి రోషం వచ్చింది.

"నలభై ఏళ్లుగా డోలు కొడతన్నానమ్మా. నా లయకి ఢోకా లేదు."

* * *

పదకొండు దాటి నాలుగు నిమిషాలకి స్విచ్చి ఆపాను. ఫ్యాన్ల రొద తగ్గి ఆగిపోయింది. ఆ కంప్యూటర్ ఇంటికి వచ్చాక ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం అదే మొదలు. నాన్న ఛాతీ దిగి, అలాగే ఉండిపోయింది. అమ్మ మాస్కు అదిమింది. బాబాయి సంచి నొక్కాడు. ఛాతీ లేచింది. నాన్న వేలికి పెట్టిన, ఆక్సిజన్ కొలిచే క్లిప్పు మీద తొంభై ఏడు చూపిస్తోంది. ఫోన్ స్పీకర్ మీద వారిజ గారు ఉన్నారు.

"మొదలుపెట్టు," అన్నారు.

పక్క తలుపు తీశాను. ప్రాసెసర్లున్న పళ్లెం లాంటి భాగాన్ని రెండు గొళ్లేలు లేపి బయటకి లాగి, పీట మీద పరిచిన గుడ్డ మీద పెట్టాను. పొడుగాటి కీతో మొదటి హీట్ సింక్ స్క్రూలు విప్పాను. మూడు వచ్చాయి. నాలుగోది తిరగనంటోంది.

"ఏందమ్మాయ్?" అన్నాడు బాబాయి.

"ఏం లేదు. నీ పని నువ్వు చూసుకో."

కీ మీద రుమాలు చుట్టి, రెండు చేతులతో తిప్పాను. కిర్రుమని వదిలింది. లోపల వేడి పాకడానికి పూసిన పాత పేస్టు ఎండిపోయి సున్నంలా రాలింది. ఇంత ఎండిన పేస్టుతో ఈ ప్రాసెసర్ ఇన్నాళ్లూ కాలుతూనే నాన్నకి ఊపిరి ఇచ్చిందని తలుచుకుంటే దాని మీద జాలేసింది. తీసి గుడ్డలో పెట్టాను. స్పిరిట్‌తో తుడిచాను. కొత్తదాన్ని అంచులు పట్టుకుని, మూలనున్న గుర్తు చూసి, సాకెట్లో దించాను. అది దిగేటప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. మా ఇంట్లో అప్పుడు ఎవరికీ ఊపిరి సరిగ్గా లేదు. పేస్టు పెసరగింజంత పెట్టి, హీట్ సింక్ దించి, బిగించాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, పావు. రెండోదీ అలాగే.

స్విచ్చి వేసేటప్పటికి ఇరవై ఆరు నిమిషాలైంది. ఫ్యాన్లు లేచాయి. స్క్రీన్ మీద అక్షరాలు వచ్చాయి. ప్రాసెసర్లు: ఒకటి.

"పోయింది," అన్నాను. రెండో ప్రాసెసర్ని గురించి అన్నాను. కానీ ఆ గదిలో ఆ మాట అనకూడదు. అమ్మ గొంతులోంచి ఏడుపు తన్నుకొచ్చింది.

"మాస్కు వదలొద్దు!" అని అరిచాను.

అమ్మ వదల్లేదు. నేను మళ్లీ కరెంటు తీసి, పళ్లెం లాగి, రెండో హీట్ సింక్ స్క్రూలని మరో పావు చుట్టు తిప్పాను. పావు అని మనసు చెబుతోంది, పిన్నులు వంగితే మాత్రం చేసేదేమీ లేదని చేతులు చెబుతున్నాయి. చెమట బోర్డు మీద పడకుండా మొహం భుజానికి తుడుచుకున్నాను. వెనక సంచి చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది. అది ఎంత వేగంగా ఉందో నేను పట్టించుకోలేదు. తలతిప్పి క్లిప్పు చూశాను. తొంభై తొమ్మిది. బాగానే ఉంది అనుకున్నాను.

మళ్లీ స్విచ్చి వేశాను. ప్రాసెసర్లు: రెండు. వారిజ గారి ప్రోగ్రాం తెరుచుకుంది. ముక్కుని వినే పచ్చ గీత స్క్రీన్ మీద అడ్డంగా పాకింది.

గీత చదునుగా ఉంది. లేవడం లేదు.

మాస్కు అంచు కొంచెం లేపించి బిళ్లలు నొక్కి చూశాను. వైర్లు పీకి మళ్లీ పెట్టాను. నాన్న ముక్కు మీద వేలితో తడితే గీత ఎగిరింది. అంటే వినిపిస్తోంది. అయినా ముక్కు అడగడం లేదు. కొత్త ప్రాసెసర్లకి నాన్న ముక్కు అర్థం కావడం లేదేమో, పాతవి మళ్లీ పెట్టాలేమో. అందుకు ఇంకో అరగంట కావాలి. అమ్మ అప్పటికే మోచేతులు మంచానికి ఆనించి మాస్కు పట్టుకుంది.

"మేడమ్, గీత లేవడం లేదు. పాతవి పెట్టేస్తాను," అన్నాను.

ఫోన్లో వారిజ గారు, "ఆ చప్పుడు ఏమిటి?" అన్నారు.

"ఏ చప్పుడు?"

"ఆ సంచి. అంత వేగంగా ఎవరు నొక్కుతున్నారు?"

అప్పుడు చూశాను. బాబాయి కళ్లు మూసుకుని ఉన్నాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. పన్నెండు కాదు, నిమిషానికి నలభై సార్లు నొక్కుతున్నాడు. లయ మాత్రం ఎక్కడా చెదరలేదు. అది గట్టిమేళం.

పెళ్లిలో తాళి కట్టే క్షణాన పురోహితుడు వేలెత్తగానే మేళం మొత్తం ఒక్కసారిగా వేగంగా, గట్టిగా మోగుతుంది. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి నోటి చెడ్డమాటా వధూవరుల చెవిన పడకూడదని. నేను పోయింది అన్నాను. అమ్మ ఏడ్చింది. నలభై ఏళ్ల అలవాటున్న చేతులు బాబాయిని అడక్కుండానే ఆ చప్పుళ్లని ముంచెయ్యడానికి లేచాయి.

"తప్పు ప్రాసెసర్లది కాదమ్మా," అన్నారు వారిజ గారు. "అన్నిసార్లు ఊదేసరికి ఆయన ఒంట్లో ఉండాల్సిన చెడు గాలి మొత్తం బయటకి పోయింది. అది పేరుకుంటేనే మెదడు ఊపిరి అడుగుతుంది. ఇప్పుడు దానికి అడగాల్సిన అవసరమే లేదు. ఆపండి."

"ఆపితే?"

"ఆపి ఎదురుచూడాలి. నిమిషన్నర. క్లిప్పు మీద ఎనభై కన్నా తగ్గితే మళ్లీ మెల్లగా మొదలుపెట్టండి."

"బాబాయ్, ఆపు," అన్నాను.

బాబాయి ఆపలేదు. "నా వల్ల కాదే అమ్మాయ్. నేనాపితే అన్న పోతాడు."

"ఆపకపోతే అడగడు."

"నా వల్ల కాదన్నానా. ఒకసారి నా వల్లే..." అని, ఆ మాట మింగేశాడు. చేతులు ఆడుతూనే ఉన్నాయి.

నేను నాన్న వైపు చూశాను. నోరు మాస్కు కింద ఉంది, బయటికి కళ్లే ఉన్నాయి. ఒకసారి రెప్ప వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు అని ముందే అనుకున్నాం.

"ఆపమంటావా నాన్నా?"

నాన్న ఒకసారి రెప్ప వేశాడు. వెయ్యడంలో కొంచెం కూడా ఆలస్యం లేదు. ఆ తర్వాత నీ ఇష్టం అన్నాను కదా. ఈయన అడగడం కోసం ఆపమంటున్నాడా, అడక్కుండా ఉండటం కోసం ఆపమంటున్నాడా? వారిజ గారిని అడిగితే అది మనిషి చేతిలో లేదమ్మా అంటారు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనిషి ఆయన. ఒత్తు ఊదేటప్పుడు ఊపిరిని అరచేతిలో పెట్టుకుని తిప్పినవాడు. ఆయన చేతిలో లేదంటే నమ్మడం కష్టం.

బాబాయి చేతుల మీద నా చేతులు వేసి పట్టుకున్నాను.

"సంచి నేను పట్టుకుంటా. నువ్వు తాళం వెయ్యి. ఆదితాళం. పదకొండు ఆవర్తనాలు."

బాబాయి కళ్లు తెరిచి అన్నని చూశాడు. సంచి వదిలేశాడు. అమ్మ మాస్కు తీసింది. బాబాయి తొడ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. సెకనుకి ఒక దెబ్బ, ఎనిమిది దెబ్బలకి ఒక ఆవర్తనం.

మొదటిది. నాన్న ఛాతీ కదలడం లేదు. రెండు. మూడు. తొంభై ఎనిమిది. గీత చదునుగా ఉంది. నాలుగు. అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. తొంభై నాలుగు. అయిదు. నాన్న నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో ఏముందో చదవడానికి ఏ ప్రాసెసరూ లేదు. ఆరు. ఏడు. ఎనభై తొమ్మిది. సంచి పట్టుకున్న నా వేళ్లు వాటంతట అవే బిగుసుకుంటున్నాయి. బాబాయి తాళం తప్పలేదు, కళ్లలోంచి నీళ్లు మాత్రం కారుతున్నాయి. ఎనిమిది. ఎనభై ఆరు. పెదవులు నీలంగా అవుతున్నాయి. తొమ్మిది.

"అడుగు నాన్నా," అన్నాను. "నాకోసం అడుగు."

ఎనభై మూడు. పదో ఆవర్తనంలో మూడో దెబ్బకి నాన్న ముక్కుపుటం విచ్చుకుంది. పచ్చ గీత లేచింది. లేచీ లేవగానే నాన్న ఛాతీ లేచింది.

మళ్లీ ముక్కు. మళ్లీ ఊపిరి. మధ్యలో ఖాళీ లేదు. క్లిప్పు మీద అంకెలు పైకి ఎక్కుతుంటే బాబాయి ఇంకా తాళం వేస్తూనే ఉన్నాడు. వారిజ గారు ఫోన్లో ఏమైందని అడుగుతున్నారు. అమ్మే ఫోన్ దగ్గరికి వంగి, "అడిగాడమ్మా," అంది.

అంకెలు కుదుటపడ్డాక నాన్న నోరు తెరిచాడు.

"కోటీ, ఇంకా తాళి కట్టకముందే గట్టిమేళం ఎవరు కొట్టమన్నార్రా నిన్ను?"

ఒక్క ఊపిరిలో అన్నాడు. మధ్యలో తెగలేదు. ఏడాదిగా నాన్న నోట మొదటి నుంచి చివరిదాకా వచ్చిన వాక్యం అదే.

బాబాయి మంచం కోడు పట్టుకుని కిందకి కూలబడ్డాడు. "అన్నా, ఆ రోజు నేను ఎండ అనకపోతే..."

"ఆ ఎండ సంగతి ఎత్తావంటే లేచొచ్చి తంతా," అన్నాడు నాన్న.

అమ్మ బాబాయిని లేపి కాఫీ పెట్టడానికి వంటింట్లోకి తీసుకుపోయింది. వారిజ గారు స్క్రూలకి ఎన్ని చుట్లో అడిగి రాసుకున్నారు. ఆవిడ యంత్రాలతో బతుకుతున్నవాళ్లు ఇంకా ముగ్గురు ఉన్నారట. ఫోన్ పెట్టేశాక గదిలో నేనూ నాన్నా మిగిలాం. పీట మీద పాత ప్రాసెసర్లు రెండూ గుడ్డలో ఉన్నాయి.

"నువ్వు అడగవేమో అనుకున్నా నాన్నా."

"నేనూ అట్టాగే అనుకున్నా," అన్నాడు. "అడగకూడదనే పడుకున్నా. నువ్వు నాకోసం అన్నావు చూడు, అప్పుడిక ముక్కు ఊరుకోలా."

ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఏడుస్తూనే ఇచ్చిన మాట ఎత్తాను. ఎత్తకపోతే అది మోసం అవుతుంది.

"నీ ఇష్టం అన్నాగా. ఇప్పుడు చెప్పు. తీసెయ్యమంటావా?"

నాన్న ఒక ఊపిరి తీసుకున్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు. తలుపు తీసి ఉన్న కంప్యూటర్ వైపు కళ్లు తిప్పాడు.

"ముందు ఆ తలుపు బిగించు. లోపల దుమ్ము పడుద్ది."

లేచి పక్క తలుపు పెట్టి స్క్రూలు బిగించాను. ఈసారి చుట్లు లెక్కపెట్టలేదు.